ఎయిర్ మైల్స్: పాయింట్లు చూసి ఫ్లైట్ టికెట్ కొంటున్నారా? ఫ్రీక్వెంట్ ఫ్లయర్ కార్డుల అసలు లెక్క ఇదే..!

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు విమానాలున్నాయనుకుందాం. ఒకదాంట్లో టికెట్ రూ.5,200. ఇంకోదాంట్లో రూ.6,000. రెండో దాంట్లో వెళితే ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతాలో పాయింట్లు పడతాయి. మరి ప్రయాణికుడు ఏది బుక్ చేస్తాడు? ఆ డబ్బులు ఎవరి జేబులోంచి పోతున్నాయి, ఏడాదికి ఎన్నిసార్లు ఎగురుతున్నాడు.. ఈ రెండింటి మీదే సమాధానం ఆధారపడి ఉంటుంది. సొంత డబ్బుతో అప్పుడప్పుడు వెళ్లేవాళ్లకు పాయింట్లు కొసరు మాత్రమే. ఆఫీసు ఖర్చుతో తరచూ తిరిగేవాళ్ల విషయంలో మాత్రం ఇవి గట్టిగానే పనిచేస్తాయి.

అసలు ఎలా మొదలైంది?

అమెరికాలో 1978లో విమాన ఛార్జీలు, రూట్లపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. పోటీ పెరగడంతో పాత కస్టమర్ చేజారిపోకుండా చూసుకోవడం కంపెనీలకు పెద్ద పనైపోయింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'ఎఅడ్వాంటేజ్' స్కీం తెచ్చింది. కొద్ది రోజులకే యునైటెడ్ 'మైలేజ్ ప్లస్' ప్రకటించింది. మన దగ్గర ఎయిర్ ఇండియా 'ఫ్లయింగ్ రిటర్న్స్' నడిపింది. ఇప్పుడు దాని పేరు 'మహారాజా క్లబ్'.

మొదట్లో ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు ఇచ్చేవారు. తర్వాత రూటు మార్చారు. డెల్టా, యునైటెడ్ 2015లో, ఎయిర్ ఇండియా 2024లో ఖర్చుపెట్టిన డబ్బును బట్టి పాయింట్లిచ్చే పద్ధతికి వచ్చాయి. అంటే చౌక టికెట్ కొన్నవాళ్లకు దక్కేది తక్కువే.

పాయింట్లు లేకుండానే నంబర్ వన్

పాయింట్లే టికెట్‌ను అమ్ముతాయనే మాట నిజమైతే ఇండిగో ఇంత ఎదిగేది కాదు. 2006లో సర్వీసులు మొదలుపెట్టిన ఈ సంస్థ, బ్యాంకు క్రెడిట్ కార్డుతో ఇచ్చే రివార్డులు తప్ప, సొంత ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ప్రోగ్రామ్ లేకుండానే దాదాపు 18 ఏళ్లు నడిచింది. అయినా దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా వాటా దానిదే. మరోవైపు 'జెట్ ప్రివిలేజ్' లాంటి పేరున్న ప్రోగ్రామ్ ఉన్నా జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో అప్పుల భారంతో ఆగిపోయింది. మన ప్రయాణికుడు ముందు చూసేది రేటు, టైమ్. ఆ తర్వాతే మిగతావి.

మరి ఇండిగో 2024 ఆగస్టులో 'బ్లూచిప్' స్కీం ఎందుకు ప్రకటించినట్టు? అదే సందర్భంలో బిజినెస్ క్లాస్‌ను కూడా ప్రకటించింది. పాయింట్ల వల ఎవరి కోసమో అక్కడే అర్థమవుతుంది.

టికెట్ ఆఫీసుది.. పాయింట్లు ఉద్యోగివి

కంపెనీ పని మీద వెళ్లే ఉద్యోగికి టికెట్ రేటు పెద్ద లెక్క కాదు. బిల్లు ఆఫీసు కడుతుంది. పాయింట్లు మాత్రం అతని ఖాతాలో పడతాయి. దాంతో రూ.800 ఎక్కువైనా తన కార్డున్న విమానమే బుక్ చేసే అవకాశం ఉంది.

ఈ ప్రభావం ఎంత బలమైందో నార్వేలో చూడొచ్చు. పాయింట్ల వల్ల కొత్త కంపెనీలు పోటీలో నిలబడలేవని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ భావించింది. దేశీయ విమానాల్లో పాయింట్లు ఇవ్వకుండా 2002లో ఆంక్షలు పెట్టింది. 2013లో గానీ వాటిని ఎత్తేయలేదు. భారత ప్రభుత్వం కూడా ఉద్యోగులు అధికారిక ప్రయాణాల్లో సంపాదించిన మైలేజ్ పాయింట్లను మళ్లీ అధికారిక ప్రయాణాలకే వాడాలని ఆదేశాలిచ్చింది.

'ఇంకొక్క ట్రిప్ చాలు' అనే ఆశ

గమ్యం దగ్గరపడే కొద్దీ మనిషి ఆగలేడు. అమెరికా పరిశోధకులు నూన్స్, డ్రెజ్ 2006లో ప్రచురించిన ఓ ప్రయోగం దీన్ని చూపించింది. ఒక కార్ వాష్ సెంటర్‌లో కొందరికి 8 స్టాంపుల కార్డు ఇచ్చారు. మరికొందరికి 10 స్టాంపుల కార్డు ఇచ్చి, రెండు ముందే వేసేశారు. ఎవరైనా కడిగించాల్సింది 8 సార్లే. అయినా మొదటి గుంపులో 19 శాతం మందే కార్డు పూర్తి చేస్తే, రెండో గుంపులో 34 శాతం మంది పూర్తి చేశారు.

విమాన కంపెనీల సిల్వర్, గోల్డ్ హోదాల వెనక ఉన్నదీ ఇదే కిటుకు. గోల్డ్‌కు కొద్ది దూరంలో ఉన్నవాళ్లు గడువు ముగిసేలోపు అవసరం లేని ట్రిప్పులు కూడా వేసేస్తుంటారు. దీనికి 'మైలేజ్ రన్' అని పేరు కూడా ఉంది.

కంపెనీలకు ఇదో బంగారు బాతు

పాయింట్లను కంపెనీలు ప్రయాణికులకు ఇవ్వడమే కాదు, క్రెడిట్ కార్డు బ్యాంకులకు అమ్ముతాయి కూడా. కరోనా దెబ్బకు విమానాలు నేల మీదే ఉన్న 2020లో యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌ను తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల రుణం తెచ్చుకుంది. ఈ స్కీంల విలువ ఎంతో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

అమెరికా వెళ్లే తెలుగువాళ్లు ఏం చూసుకోవాలి?

శంషాబాద్ నుంచి దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అమెరికా వెళ్లే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ప్రతిసారీ ఒక్కో ఎయిర్‌లైన్‌లో వెళితే పాయింట్లు తలా కాస్త పడి, దేనికీ చాలకుండా పోతాయి. ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, యునైటెడ్ మూడూ స్టార్ అలయన్స్‌లో ఉన్నాయి కాబట్టి, అర్హత ఉన్న టికెట్లపై వీటి పాయింట్లను ఒకే ఖాతాలో వేసుకోవచ్చు. ఖతార్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్ కూటమిలో ఉంది. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు.

చాలా స్కీంలలో పాయింట్లకు గడువు ఉంటుంది. రెండేళ్లకోసారి పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే తల్లిదండ్రులకు అవి వాడుకునేలోపే చెల్లిపోవచ్చు. 'ఫ్రీ' టికెట్‌పైనా ట్యాక్సులు, ఇతర ఛార్జీలు డబ్బు రూపంలో కట్టాల్సి రావచ్చు.

బుక్ చేసేముందు చిన్న లెక్క

మొదట్లో చెప్పిన ఢిల్లీ టికెట్‌నే తీసుకుందాం. రూ.6,000 టికెట్‌పై ఉదాహరణకు 200 పాయింట్లు వచ్చాయనుకుంటే, ఒక్కో పాయింట్ విలువ 50 పైసలైతే దక్కేది రూ.100. దానికోసం అదనంగా పెట్టేది రూ.800. అంటే రూ.700 నష్టం. అదే రెండు టికెట్ల మధ్య తేడా యాభై రూపాయలే అయితే పాయింట్లు లాభమే.

రేటు, టైమ్ రెండూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు పాయింట్లు వచ్చే విమానం ఎక్కడంలో తప్పు లేదు. పాయింట్ల కోసమే ఎక్కువ డబ్బు పెడితే మాత్రం, ఆ కొసరుకు బిల్లు కట్టేది ప్రయాణికుడే.