జోడుగొట్టాల టోపీ తుపాకి: కాలనిర్ణయము

తమిళనాట తిరునెల్వేలి ప్రాంతమున తెలుగు ఇంటిభాషగాగల పాలెగాండ్ర వంశములు పెక్కు గలవు. పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురము సంస్థానములు అందు ప్రసిద్ధములు. ఇట్టి వంశముల యిండ్లలో ఎచ్చటనైనను ఆంగ్లేయుల పనితనముగల పాత జోడుగొట్టాల తుపాకి కనబడినచో, అది కట్టబొమ్మనాటి దనవలెనని మనస్సు తొందరపడును. కట్టబొమ్మను 1799లో కయత్తారున ఉరితీసిరి. 1801లో పాంచాలంకురిచ్చి కోట నేలమట్టమయ్యెను. ఆ యేటి డిసెంబరులోనే మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు పాలెములవారు ఆయుధములు ధరింపరాదని ప్రకటించెను. కాని ఆ తుపాకి మొదటినుండియు రాగిటోపీతో పేలుటకే చేయబడినదైనచో, ఆ యుద్ధములలో అది ఉండుట అసంభవము. ఆ పద్ధతియే అప్పటికి పుట్టలేదు.

దానిని కనిపెట్టినవాడు సైనికుడు కాడు, కమ్మరియు కాడు. స్కాట్లండులో అబర్డీను సమీపమున బెల్హెల్వీ గ్రామమునందలి మతగురువు అలెగ్జాండరు జాన్ ఫోర్సైతు. ఆయనకు పక్షుల వేట ప్రియము. నాటి చెకుముకి తుపాకిలో రాయి ఉక్కుపలకను రాచుకొనగా మిణుగురులు రాలి, పళ్లెములోని మందు భగ్గున మండి, అటుపిమ్మట గొట్టములోని మందు అంటుకొనెడిది. పళ్లెపు మంటను చూచి పక్షి తప్పించుకొనెడిది. దెబ్బ తగిలినంతనే పేలు ఫల్మినేటు లవణములను వాడినచో ఈ జాగు పోవునని ఫోర్సైతు గ్రహించెను. 1806లో ఆయుధశాఖాధిపతి మోయిరా ప్రభువు ఆయనకు లండను టవరులో పనిచేయ వసతి కల్పించెను. తరువాత ఆ పదవికి వచ్చిన చాథం ప్రభువు ఆయనను సాగనంపెను. ఫోర్సైతు 1807 ఏప్రిలు 11న పేటెంటు పొందెను. ఆ మోయిరాయే 1813 నుండి 1823 వరకు మన దేశమున గవర్నరు జనరలుగా నుండిన హేస్టింగ్సు ప్రభువు. వారన్ హేస్టింగ్సు వేరు.

పేటెంటు గడువు 1821లో తీరెను. 1820 తరువాతి దశాబ్దమున రాగిటోపీ వ్యాపించెను. దానిని నేనే కనిపెట్టితినని చెప్పుకొన్నవారు పలువురు. ఆ తగవు నేటికిని తేలలేదు. గొట్టము మూతినుండి మందు, అడ్డు, సీసపు రవలు వరుసగా వేసి కడ్డీతో దట్టించి, వెనుకనున్న చిన్న బోలుమొనపై టోపీని తొడుగుదురు. మీట నొక్కగా సుత్తి టోపీపై పడును. రెండు గొట్టములకు రెండు సుత్తులు, రెండు మీటలు. ఒక్కదానిని పేల్చి తిరిగి నింపునపుడు పొరబాటున నిండియున్న గొట్టములోనే మరల మందు పోసినచో ప్రాణాపాయమే. ఇక 1851 లండను ప్రదర్శనమున ఫ్రెంచివాడగు లెఫోషో వెనుకనుండి తోటా పెట్టు తుపాకిని చూపెను. మరి పదునైదేండ్లలో మూతినుండి నింపు తుపాకికి ధనికుల చేతులలో స్థానము తగ్గెను. కావున ఇట్టి తుపాకులలో మేలైనవానికి కాలము ఉజ్జాయింపుగా 1820 నుండి 1870 వరకు.

గొట్టముల అడుగున, వెనుకకొనయొద్ద పరీక్షాముద్రలుండును. లండను తుపాకి పనివారి సంఘము 1637 నాటి రాజశాసనముచే ఏర్పడినది. బర్మింగుహాము పరీక్షాలయము 1813 చట్టముచే వచ్చినది. కిరీటము క్రింద అడ్డముగా పెట్టిన రెండు రాజదండములు బర్మింగుహాము గుర్తు. ‘12’ అను అంకె యున్నచో, గొట్టపు వ్యాసమునకు సరిపోవు సీసపు గుండ్లు పౌనుకు పండ్రెండు తూగునని యర్థము. పలకపై ‘లండను’ అని చెక్కిన ప్రతి తుపాకియు లండనులో పుట్టినది కాదు. బెల్జియములోని లియేజినుండి ఇంగ్లీషు పేళ్లతో చౌకతుపాకులు పెక్కు వెలువడెను. ఇంకొక చిక్కు గలదు. చెకుముకి తుపాకిని టోపీ తుపాకిగ మార్చుట అప్పుడు సామాన్యము. మూసివేసిన పాత రంధ్రములు, పళ్లెమున్న చోటి గుర్తులు కనబడినచో గొట్టము ముసలిది, తాళము పడుచుది. 1801కి పూర్వపు దను మాట అపుడు మాత్రమే ఆలోచింపదగును.

గొట్టముల వన్నె మరియొక సాక్ష్యము. ఇనుప, ఉక్కు పట్టీలను మెలివేసి, కడ్డీచుట్టు చుట్టి, కొలిమిలో అతుకగా నీటియలలవంటి గీతలేర్పడును. మేలిగొట్టములకు గుఱ్ఱపునాడాల పాతమేకులను గూడ కరగించకయే కాచి కలిపెడివారు. తుప్పు వదలింపనెంచి గరకుకాగితముతో తోమువారు ఈ గీతలను, పరీక్షాముద్రలను ఒక్క పూటలో పోగొట్టుదురు. అంతకన్న తుప్పే నయము.

తోముటకు ముందు గొట్టములో సన్నని కఱ్ఱ దించి, అది ఎంతవరకు పోయెనో బయట కొలిచి చూడవలెను. నూఱేండ్లక్రిందటి మందు లోపలనే యుండవచ్చును, పేలవచ్చును. ఇక 1959 ఆయుధ చట్టము 45వ విభాగము పురాతన ఆయుధమునకు మినహాయింపు నిచ్చునది గాని, మరమ్మతు చేసినను చేయకున్నను పేల్చ వీలుకానిదైననే అది వర్తించును. పేల్చదగిన స్థితిలో నున్న తుపాకి ఎంత పాతదైనను దానికి ఆ మినహాయింపు వర్తింపదు.