తామ్రలిప్తిలో సుహృల్లేఖ

ఖరగ్‌పూర్ నుండి హౌరా వైపు రైలులో సాగి, పాన్‌స్కురా వద్ద హల్దియా మార్గానికి మరలినచో తమ్లుక్ వస్తుంది. బౌద్ధ వాఙ్మయంలోని తామ్రలిప్తి రేవు అదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై తెలుగువారు వచ్చి స్థిరపడిన ఖరగ్‌పూర్‌కు అది చేరువ. శాతవాహన రాజును ఉద్దేశించి నాగార్జునాచార్యుడు వ్రాసిన సుహృల్లేఖకు ఆ రేవుతో సంబంధం ఉన్నది. దానిని అక్కడికి వచ్చిన చీనా భిక్షువు ఇత్సింగ్ తన భాషలోకి అనువదించాడు. ఆ అనువాదం వెనుక అనేక శతాబ్దాల చీనా విద్వత్సంప్రదాయం ఉన్నది.

క్రీ.పూ. 213లో ఛిన్ చక్రవర్తి పూర్వగ్రంథాలను దహింపజేశాడు. తరువాతి హాన్ వంశ కాలంలో మిగిలిన ప్రతులను వెదకి, పాఠాన్ని నిలబెట్టడం విద్వాంసుల ముఖ్యకర్తవ్యమైనది. క్రీ.పూ. 124లో ఊ చక్రవర్తి రాజధానిలో మహావిద్యాలయాన్ని నెలకొల్పగా, కన్ఫ్యూషియస్ సంప్రదాయపు ప్రామాణిక గ్రంథాల అధ్యయనం రాజోద్యోగానికి మార్గమైనది. క్రీ.పూ. 26లో లియు షియాంగ్ రాజభాండాగార ప్రతులను సరిపోల్చి, దోషాలను సవరించి, గ్రంథాలకు పరిచయాలు వ్రాసే పనికి నియుక్తుడయ్యాడు. క్రీ.శ. 175లో ప్రామాణిక పాఠాలను శిలలపై చెక్కించడం ఆరంభమైనది. జీవనోపాధి పాఠంపై ఆధారపడినచోట ఒక్క అక్షరం తేడా కూడ వివాదానికి దారితీయగలదు.

చీనా బౌద్ధులు ఈ నిష్ఠనే స్వీకరించారు. దావో ఆన్ 374లో బౌద్ధగ్రంథాల అనువాదాలకు పట్టిక కూర్చి, అనువాదకుని పేరు తెలియనివాటిని, సందేహాస్పదమైనవాటిని వేరుపరచాడు. ఫాహియాన్ 399లో చాంగాన్ విడిచినది కూడ సమగ్ర వినయగ్రంథాల కొరకే. ఉత్తర భారతంలో ఆచార్యులు వినయాన్ని ముఖతః బోధించేవారు. వ్రాసికొనుటకు మూలప్రతి దొరకలేదు. పాటలీపుత్రంలో అది లభించినది. అక్కడ మూడేండ్లు సంస్కృతం అభ్యసించి, తామ్రలిప్తిలో రెండేండ్లు సూత్రాలకు ప్రతులు వ్రాసికొని, ప్రతిమల చిత్రాలు గీసికొని, సింహళానికి ఓడ ఎక్కాడు.

ఇత్సింగ్ 673లో తామ్రలిప్తిలో దిగి, నాలందాకు పోకముందు అక్కడ సంస్కృతం నేర్చాడు. తూర్పు భారతానికి తొలిసారి వచ్చిన కాలంలోనే సుహృల్లేఖను అనువదించినట్లు చీనా ప్రతిలో ఉన్నది. అతడు ముందుగా నివసించిన స్థలం తామ్రలిప్తి గనుక, అనువాదం అక్కడే జరిగినదని భావించడం సమంజసం. ఆ లేఖను అందుకొన్న రాజు దక్షిణదేశపు శాతవాహనుడని ఇత్సింగ్ తన గ్రంథంలో చెప్పాడు. ఆ రాజు ఎవరన్న విషయమై పండితులలో ఏకాభిప్రాయం లేదు. విద్యార్థులు ఈ లేఖను చదువు ఆరంభదశలోనే కంఠస్థం చేసేవారనీ అతడే తెలిపాడు.

ఈ మాట మనలను ఆలోచింపజేయాలి. నాడు ఇందరి కంఠాలలో నిలిచిన లేఖ సంస్కృత మూలం నేడు సమగ్రంగా లభించడం లేదు. ఇత్సింగ్ అనువాదం, అంతకు ముందటి రెండు చీనా అనువాదాలు, టిబెటన్ అనువాదం మనకు ఆధారాలు. మౌఖిక సంప్రదాయం తక్కువదని దీని అర్థం కాదు. ఫాహియాన్ విన్న ఆచార్యులు వినయాన్ని ధారణతోనే కాపాడారు. అయితే ధారణకు విహారం కావాలి, గురుశిష్య పరంపర కావాలి. విహారాలు శిథిలమైనప్పుడు ఆ పరంపరయు తెగినది. దూరదేశంలో వ్రాసి ఉంచిన ప్రతులు నిలిచాయి.

అట్టి శిథిలవిహారం ఒకటి ఖరగ్‌పూర్‌కు దక్షిణాన, దాంతన్ సమీపంలోని మొగల్‌మారిలో కలకత్తా విశ్వవిద్యాలయం 2003-04 నుండి జరిపిన త్రవ్వకాలలో బయల్పడినది. ఇటుకలను కాపాడే బాధ్యత పురావస్తు శాఖలది. పాఠాన్ని కాపాడే బాధ్యత చదువరులది. సుహృల్లేఖను తెలుగులో అధ్యయనం చేసేవారు ఒకే అనువాదంతో తృప్తిపడక, చీనా పాఠాలు మూడింటినీ టిబెటన్ పాఠంతో సరిపోల్చి, భేదాలను నమోదు చేయాలి. లియు షియాంగ్ రాజభాండాగారంలో చేసిన పని అదే. మన దేశపు లేఖకు మనము ఆ మాత్రం శ్రమ చూపడం న్యాయం.