రేవు పోయి రేటు వచ్చింది

హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలను లండన్‌లోని కానరీ వార్ఫ్‌కి తీసుకెళ్తే ఆ నీళ్ళనీ, అద్దాల మేడలనీ ఐదు నిమిషాలు చూసి, "ఇక్కడ చదరపు అడుగు ఎంతుందిరా?" అంటారు. అందులో తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచినప్పటి నుంచి మనం మాట్లాడుకునేది ఆ లెక్కలే. కానీ ఈ నేలకి రేటు పలకడం నిన్నమొన్నటి మాట. దాని వెనక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

పద్దెనిమిదో శతాబ్దం చివరికొచ్చేసరికి థేమ్స్ నదిలో ఓడల రద్దీ విపరీతంగా పెరిగింది. సరుకు దించడానికి వారాల తరబడి కాచుకోవాలి, ఈలోగా కొంత దొంగల పాలయ్యేది. వర్తకులే డబ్బు పోగేసి, నది పక్కన నేల తవ్వించి, నీళ్ళు నింపి, చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించారు. అవే డాకులు. 1802లో, ఇప్పుడు కానరీ వార్ఫ్ ఉన్న చోట, వెస్టిండియా డాక్స్ తెరిచారు. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకు పంచదారగా, రమ్ముగా మారి ఇక్కడ దిగేది. ఈ డాకులు కట్టించడంలో ముందున్న రాబర్ట్ మిలిగన్ విగ్రహాన్ని 2020 జూన్‌లో తొలగించారు. అక్కడి పాత గోదాములోనే ఇప్పుడు డాక్‌లాండ్స్ మ్యూజియం నడుస్తోంది.

మనకి ఇంకా దగ్గరిది 1806లో తెరిచిన ఈస్టిండియా డాక్స్. 1611లో మచిలీపట్నంలో దిగిన ఈస్టిండియా కంపెనీ, మూడేళ్ళకే ఇక్కడి బ్లాక్‌వాల్‌లో ఓడల యార్డు పెట్టుకుంది. కోస్తా అద్దకం బట్టలు లండన్ చేరింది ఈ దారినే. ఆ డాకుని ఇప్పుడు చాలావరకు పూడ్చేశారు. మిగిలిన మడుగులో పక్షులు తిరుగుతుంటాయి. చుట్టూ వీధులకి లవంగం, జాజికాయ, కుంకుమపువ్వు పేర్లు పెట్టారు. వాటిని ఓడల్లో తెచ్చిన లాస్కర్ల పేరు మాత్రం నేను చూసిన ఏ బోర్డు మీదా లేదు. తిరిగి వెళ్ళే దారిలేక వీధిన పడ్డ అలాంటి ఆసియా నావికుల కోసమే 1857లో లైమ్‌హౌస్‌లో ఒక ఆశ్రమం తెరవాల్సి వచ్చింది.

డాకు కూలీల బతుకు మన అడ్డా కూలీలను చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. తెల్లారేసరికి గేటు దగ్గర గుంపుగా నిలబడాలి, మేస్త్రీ వేలు చూపించినవాడికే ఆ పూట పని. 1889లో గంటకి ఆరు పెన్నీలు కావాలని సమ్మె చేసి గెలిచారు గానీ, ఏ రోజుకి ఆ రోజు పని వెతుక్కునే పద్ధతి మాత్రం పోలేదు. అది రద్దయి పర్మనెంట్ ఉద్యోగాలు వచ్చింది 1967లో. సరిగ్గా ఆ ఏడాదే ఈస్టిండియా డాక్స్ మూతపడ్డాయి. అప్పటికే సరుకు కంటెయినర్లలోకి మారుతోంది. కంటెయినర్ ఓడలకి పాత డాకులు చాలవు, కూలీలు అంతమంది అక్కర్లేదు. వ్యాపారం నది దిగువన ఉన్న టిల్బరీకి తరలిపోయింది. సెయింట్ కాథరిన్స్, లండన్, సర్రే, వెస్టిండియా డాకులు ఒకదాని వెంట ఒకటి మూతపడి, 1981లో రాయల్ డాక్స్‌తో ఆ కథ ముగిసింది. ఎనభై ఏళ్ళు పోరాడి సంపాదించుకున్న ఉద్యోగ భద్రతని అనుభవించింది పట్టుమని పదిహేనేళ్ళు కూడా కాదు.

అదే 1981లో థాచర్ ప్రభుత్వం లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టింది. సుమారు 22 చదరపు కిలోమీటర్ల మీద అనుమతులిచ్చే అధికారాన్ని స్థానిక కౌన్సిళ్ళ నుంచి తీసి దాని చేతికిచ్చారు. మరుసటి ఏడాది, కానరీ వార్ఫ్ ఉన్న ఐల్ ఆఫ్ డాగ్స్‌లో కొంత భాగానికి పదేళ్ళ పాటు వ్యాపార పన్ను మినహాయించారు. 1983లో రాయల్ డాక్స్ జనం తమ సొంత ప్రణాళిక రాసుకున్నారు. రేవు పనులు ఉండాలి, అద్దెకి కౌన్సిల్ ఇళ్ళు కావాలి అన్నారు. దాన్ని పక్కనపెట్టి అక్కడ విమానాశ్రయం కట్టారు. కానరీ వార్ఫ్ శంకుస్థాపన సభలోకి స్థానికులు గొర్రెల్ని తోలి, తేనెటీగల్ని వదిలారు. పని ఆగలేదు. 235 మీటర్ల టవర్ 1991కి పూర్తయింది, మరుసటి ఏడాదే కట్టించిన ఒలింపియా అండ్ యార్క్ దివాలా తీసింది. 1999లో జూబిలీ లైన్ వచ్చాకే ఈ ప్రాంతం కుదురుకుంది.

కార్పొరేషన్ చేసిన మంచి పని ఒకటుంది. మిగిలిన డాకుల్లో నీళ్ళని పూడ్చకుండా ఉంచింది. అశోక్‌నగర్ పక్కనుంచి హుస్సేన్‌సాగర్ నాలా పోతుంది, ఇళ్ళన్నీ దానికి వీపు పెట్టి ఉంటాయి. ఇక్కడ డాక్‌లాండ్స్‌లో కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తే చాలు, ధర పెరుగుతుంది.

ఇళ్ళ విషయంలో మాత్రం నాకు సర్దిచెప్పుకోవడానికేమీ కనిపించదు. అద్దె ఇళ్ళలో బతికిన ఊళ్ళో అమ్మకానికి ఫ్లాట్లు వచ్చాయి. ఇళ్ళు దొరకని తెల్ల కార్మికుల కోపం బంగ్లాదేశీల మీదికి మళ్ళింది. 1993లో ఇక్కడి మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో జాత్యహంకార బ్రిటిష్ నేషనల్ పార్టీ (బీఎన్‌పీ) ఏడు ఓట్ల తేడాతో గెలిచింది, మరుసటి ఏడాది ఓడిపోయింది. ఫ్లాట్లు కట్టి అమ్మినవాళ్ళ మీదికి ఆ కోపం మళ్ళలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 చివర్లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల్ని ఇళ్ళకీ ఆఫీసులకీ మార్చుకోవడానికి వీలిచ్చే విధానం తెచ్చింది. దాని జాబితాలో ఏ పేటలున్నా, నాకు వెంటనే గుర్తొచ్చేది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వెనక నిజాం కాలంలో ఫ్యాక్టరీలకి లీజుకిచ్చిన అజామాబాద్. అక్కడి వీఎస్టీ సిగరెట్ ఫ్యాక్టరీలో కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకున్న నాయిని నర్సింహారెడ్డి పేరే 2023లో ప్రారంభమైన ఉక్కు వంతెనకి పెట్టారు. యంత్రాలు పోయాక నేలని ఖాళీగా ఉంచమని ఎవరూ అనరు. ఫ్యాక్టరీ కోసమని ఇచ్చిన నేల ఫ్లాట్లుగా మారితే పెరిగే విలువలో ప్రజలకెంత, అందులో అద్దెకి ఉండగలిగిన ఇళ్ళెన్ని, ఆ షరతులు రాసేదెవరు అనేవే అసలు ప్రశ్నలు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఉండేది హాస్టల్ గదుల్లో. వాళ్ళకి ఈ మూడో ప్రశ్న సిలబస్‌లో లేదు.

పెండేకంటి లా కాలేజీ విద్యార్థులు మాత్రం టార్ట్స్ పాఠంలో హంటర్ వర్సెస్ కానరీ వార్ఫ్ కేసు చదివే ఉంటారు. టవర్ అడ్డొచ్చి తమ టీవీల్లో బొమ్మ రావడం లేదని వందలమంది స్థానికులు కోర్టుకెక్కారు. తన స్థలంలో భవనం కట్టుకునే హక్కు ఎవరికైనా ఉందని 1997లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. బొమ్మ సరిచేయడానికి 1991లోనే బాల్‌ఫ్రన్ టవర్ మీద రిలే ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అది 1967 నాటి 26 అంతస్తుల కౌన్సిల్ భవనం. తర్వాతి కాలంలో అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించి, బాగుచేసి, ఆ ఫ్లాట్లనీ అమ్మకానికి పెట్టారు.