గ్యాస్ పైప్‌లైన్‌లో తుప్పు.. భూమిలో ఉన్నా ఎలా పట్టేస్తారంటే?

2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తేమ ఉన్న గ్యాస్ వెళ్లడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. మరి భూమిలో ఉన్న గొట్టాన్ని చెక్ చేసేదెలా?

ఇందుకు వాడేదే ‘ఇంటెలిజెంట్ పిగ్’. గ్యాస్ ఒత్తిడితోనే గొట్టంలో ముందుకు సాగే ఈ యంత్రం గోడను అయస్కాంతీకరిస్తుంది. లోహం తరిగిన చోట అయస్కాంత క్షేత్రం బయటకు లీకవుతుంది. దాన్ని సెన్సర్లు పట్టేస్తాయి.

తుప్పులో రకాలివే..

* సాధారణ తుప్పు: గోడ దాదాపు సమానంగా పలచబడుతుంది.
* గుంటల తుప్పు: చిన్న చుక్కలా మొదలై లోతుకు దిగుతుంది.
* అతుకు తుప్పు: పక్క లోహం కంటే వెల్డింగ్ గీత వేగంగా తరిగి ‘వి’ ఆకారంలో గాడి పడుతుంది.

పట్టుకోవడం కష్టమైంది మూడోదే. గొట్టం పొడవునా సాగే సన్నని గాడి మామూలు పిగ్‌కు దొరక్కపోవచ్చు. అందుకే క్షేత్రాన్ని అడ్డంగా, అంటే గొట్టం చుట్టూ పంపే పిగ్‌లు, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేస్తారు. మిగతా రకాల్లో లోతు గోడ మందంలో 80 శాతం దాటితే రిపేర్ తప్పదు. అతుకు గాడిని మాత్రం పగులుతో సమానంగా చూస్తారు.

పైప్‌లైన్ దారిలో బుస శబ్దం, నీళ్లలో బుడగలు కనిపిస్తే నిప్పు వెలిగించొద్దు. వాహనం స్టార్ట్ చేయొద్దు. దూరంగా వెళ్లాకే అక్కడి హెచ్చరిక బోర్డుపై ఉండే నంబర్‌కు ఫోన్ చేయాలి.