డబ్బాపాల పుట్టుపూర్వోత్తరములు

ఆశ్వయుజ కార్తికములు మనకు గాలివానల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమును అతలాకుతలము చేసిన పిమ్మట, నరసన్నపేట వంటి యూళ్ళలో ఇల్లాండ్రు ఆ మాసములు సమీపించినంతనే బియ్యము, పప్పు, క్రొవ్వొత్తులతో పాటు పాలపొడి పొట్లమొకటి ఇంట నుంచుకొనుట వివేకమే. ఏలయన కరెంటు స్తంభములు నేలకొరిగిన నాడు ఫ్రిజ్ ఉండియు లేనిదే, బాటలు తెగిన నాడు పాకెట్టు పాలు దుర్లభములే.

పాలు నిలువవని మన పెద్దలు ఎరుగనివారు కారు. పెరుగుగా తోడుపెట్టియు, వెన్న తీసి నేయిగా కాచియు, మరగించి కోవాగా దింపియు వారు పాలసారమును కాపాడిరి. కాని ఇవి యేవియు మరల పాలు కానేరవు. నేయి దీపము వెలిగించును గాని టీకి అక్కరకు రాదు గదా! ఎండించి, నీరు కలిపిన మరల పాలగు పదార్థము పుట్టుక నారయబోయిన మంగోలుల గుఱ్ఱపుజీను దాక పోవలసి వచ్చును. దండయాత్రలయందు వారు ఎండుపాలను తోలుతిత్తిలో నీటితో కలిపి, స్వారి కుదుపులకే కరగనిచ్చి త్రాగుచుండిరని 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కో పోలో వ్రాసెను.

తగరపు డబ్బా కథ వేరు. 1856లో గెయిల్ బోర్డెన్ అను అమెరికా దేశస్థుడు గాలి తీసిన పాత్రలో తక్కువ వేడిమిపై పాలను చిక్కబరచు విధానమునకు పేటెంటు పొందెను. అనంతరము అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరాది సైన్యమునకు ఈ డబ్బాపాలు ఆహారముగా సరఫరా అయ్యెను. చక్కెర సమృద్ధిగా చేరుటచే సూక్ష్మజీవులకు వలసిన నీరు అందులో దొరకదు. దాని దీర్ఘాయుర్దాయమునకు అదియే మూలము. 1866లో స్విట్జర్లాండున వెలసి 1905లో నెస్లేతో ఏకమైన ఆంగ్లో-స్విస్ కంపెనీ 1912 నాటికి మన దేశమున వ్యాపారము చేయనారంభించెను.

ఇంతవరకు చెప్పినది గేదెపాల మాట కాదు. మన ప్రాంతపు పాడి ప్రధానముగా గేదెది. వెన్నశాతము అధికముగా గల గేదెపాలను పొడి చేయుట అసాధ్యమని పాశ్చాత్య నిపుణులు తీర్పు చెప్పగా, గుజరాతులోని ఆనందులో పాడి నిపుణుడు హెచ్. ఎం. దలాయా దానిని సాధించి చూపెను. అచటి పాలపొడి కర్మాగారమును 1955 అక్టోబరు 31న నెహ్రూ ప్రారంభించెను. ఇది శాస్త్రజ్ఞుల పంతము మాత్రమే కాదు. గేదెలు విశేషముగా వానలకును చలికిని నడుమ ఈనును. శీతకాలమున పాలు పొంగిపొరలి రైతుకు ధర పడిపోవును, వేసవిలో వట్టిపోయిన గేదెలు మిగిలి పట్టణములకు కటకట కలుగును. చలినాటి మిగులును పొడి చేసి ఎండలనాటి కొరతకు కలిపినగాని పాడి పరిశ్రమకు నిలకడ లేదు. ఆంధ్రదేశమున 1960లో యూనిసెఫ్ సాయముతో ఆరంభమైన సమగ్ర పాలపథకమును, విజయవాడ కర్మాగారమును ఈ బాటనే నడిచినవి. కాబట్టి, తాము పొడిపాలు ముట్టనే ముట్టమని బింకము పలుకువారు వేసవిలో త్రాగు పాకెట్టును ఒక్క పరి శంకించుట మంచిది.

అట్టపెట్టె పాలు అన్నిటికంటె పిన్నవి. పాలను సుమారు 135 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిమికి కొన్ని క్షణములు మాత్రమే గురిచేసి, గాలి వెలుతురు సోకని పెట్టెలో నింపు ఈ పద్ధతిని స్వీడనులోని టెట్రాపాక్ సంస్థ 1961లో వెలువరించెను. మూత విప్పనంతవరకు ఫ్రిజ్ అవసరము లేదు. విప్పిన పిమ్మట ఇవియు సామాన్యపు పాలే.

సముద్రపు తేమ గల మన ప్రాంతమున పొట్లము విప్పిన పొడిని మూత బిగువైన సీసాలో పోయనిచో ఉండలు కట్టును. వెన్న గల పొడి త్వరగా కమరును. వెన్న తీసినది ఎక్కువ కాలము నిలుచును. తీపి డబ్బాపాలు చంటిపిల్లలకు పనికిరావు. పసిబిడ్డల పాలపొడి ప్రచారమును 1992 నాటి చట్టము నిషేధించినది. ఇక వెన్న తీసిన పొడిని గోరువెచ్చని నీట కలిపి తోడుపెట్టిన పెరుగు చక్కగానే పేరుకొనును, మీగడ మాత్రము కట్టదు.