బడి మానుటయా, మాన్పించుటయా?

మన భాషలో ‘మానుట’ యనియు ‘మాన్పించుట’ యనియు రెండు క్రియలు గలవు. తనంతట తాను విడుచుట మొదటిది; ఒకరు విడిపించుట రెండవది. బిడ్డ బడికి రానప్పుడు లోకము సామాన్యముగా మొదటి క్రియనే వాడును. “వాడు బడి మానివేసినాడు” అందురు. తొమ్మిదేండ్ల బాలుడు తన భవిష్యత్తును తానే విచారించి, నిర్ణయించి, పలకను అటకమీద పెట్టినట్లు మాటలాడుదురు. కర్త యెవరో విచారింపక క్రియను ప్రయోగించుట వ్యాకరణమున దోషము. సంఘవిషయమున అంతకంటె గొప్ప దోషము. గడచిన రెండువందల యేండ్ల చరిత్రను పరిశీలించినచో ఈ క్రియకు కర్తలు బాలురు కారనియు, వేరుగా నున్నారనియు తేటపడును. ఆ చరిత్రలో ముఖ్యాంశములను పాఠకుల యెదుట నుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చెన్నపురి రాజధానికి గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822లో జిల్లాలలోని బడుల లెక్కలు పంపుమని కలెక్టరుల నాజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన ప్రత్యుత్తరము వ్రాసెను. తెనుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము రచించి 1816లో ప్రకటించినవా డితడే. నేటి అనంతపురపు సీమ నాడు బళ్ళారి జిల్లాలోనిదే కావున ఈ లేఖ మనకు పరాయి వృత్తాంతము కాదు. ఆ జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533, వానిలో కన్నడమువి 235, తెలుగువి 226. చదువుకొనువారు 6,641 మంది. అందు బాలికలు 60 మంది మాత్రమే.

కాంబెల్ బడుల లెక్కతో తృప్తి పడక, అవి క్షీణించుటకు హేతువును గూడ వెదకెను. దేశము క్రమక్రమముగా దరిద్రమగుచున్నదనియు, నడిమితరగతి వారును బీదలును బిడ్డల చదువుకు వ్యయము భరింపలేకున్నారనియు, లేతచేతులు ఏ కొంచెము పనికైనను అక్కరకు వచ్చినంతనే తల్లిదండ్రులకు ఆ చేతుల సాయము తప్పనిసరి యగుచున్నదనియు అతడు వ్రాసెను. చదువునందు ఇష్టము లేక బిడ్డలు పోవుచున్నారని అతడు వ్రాయలేదు. పాలకవర్గమునకే చెందిన యొక యుద్యోగి తన ప్రభుత్వము క్రింది దేశము బీదదైనదని ఒప్పుకొనుట సామాన్య విషయము కాదు. రెండువందల యేండ్లకు పూర్వమే మొదటి కర్త పేరు దస్త్రములకెక్కినది: అది దారిద్ర్యము.

ఆ లేఖలోనే నాటి వీధిబడి స్వరూపమును అతడు వర్ణించెను. తెల్లవారుజామున మొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాతి వారికి వరుసగా నొక్కొక్కటి హెచ్చు. సోమరియని తలంపబడిన వానిని రెండు చేతులు కట్టి యింటికప్పునకు వ్రేలాడదీయుట గలదు. దీనినే మన పెద్దలు కోదండమనిరి. గుంజీలు సరేసరి.

ఈ యేర్పాటును కొందరు క్రమశిక్షణ యని మెచ్చుకొందురు. కాని ఒక్క క్షణము ఆలోచింపుడు. అందరికంటె ఆలస్యముగా వచ్చువా డెవడై యుండును? పసులకు మేత వేసి, చెల్లెలిని ఆడించి, తల్లి నీళ్ళు తెచ్చుకొని తిరిగి వచ్చువరకు ఇల్లు కాచి వచ్చినవాడు కాడా? తీరిక గల యింటి బిడ్డ అరచేత సరస్వతి నిలిచినది. పాటుపడు నింటి బిడ్డ అరచేత బెత్తపు వాత నిలిచినది. ఇట్లు దారిద్ర్యమునకు బడియే తోడుపడినది. ఇది రెండవ కర్త. ఇక పంచమ కులముల బిడ్డల సంగతి వేరు. అనేక గ్రామములలో వారికి బడిగడప ద్రొక్కు నధికారమే లేకుండెను. చేరనిచ్చిననే కదా మానుట సంభవించును! హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1910 ప్రాంతమునుండి ఆదిహిందువుల బిడ్డలకై ప్రత్యేకముగా బడులు నెలకొల్పవలసి వచ్చుటకు కారణ మిదియే.

కాంబెల్ లేఖకు నూరేండ్ల పిమ్మట ఈ విషయము మరల దస్త్రములకెక్కెను. సర్ ఫిలిప్ హార్టాగ్ అధ్యక్షతను ఏర్పడిన విద్యాసంఘము 1929లో తన నివేదికను ప్రకటించెను. 1922-23లో మొదటి తరగతిలో నున్న ప్రతి నూరుగురిలో 1925-26 నాటికి నాల్గవ తరగతి చేరినవారు 18 మంది మాత్రమే యని అది తేల్చెను. అక్షరజ్ఞానము నిలుచుటకు నాలుగేండ్ల చదువైనను వలయునని నాటి విద్యావేత్తల మతము. అట్లయిన నూటికి ఎనుబదిరెండుగురి యోనమాలు ఇసుకలో వ్రాసిన వ్రాతలే యైనవి.

ఆ సంఘము రెండు మాటలను ప్రచారములోనికి దెచ్చెను. ప్రాథమిక విద్య ముగియక పూర్వమే బిడ్డను బడినుండి తీసివేయుటకు ‘వేస్టేజి’ యనియు, ఒకే తరగతిలో ఏడాదికి మించి నిలిపివేయుటకు ‘స్టాగ్నేషన్’ యనియు పేర్లు పెట్టెను. లెక్క సత్యమే, పేరు మాత్రము చింత్యము. వేస్టేజి యనగా వ్యర్థవ్యయము. సర్కారు ధనము వ్యర్థమైనదను భావమే ఆ మాటలో ముందుగా స్ఫురించును. బిడ్డకు జరిగిన నష్టము దానిలో కానరాదు. ఐనను ఆ రెండు మాటలకును గల సంబంధము మనము గ్రహింపదగినది. తప్పినవానిని అదే తరగతిలో ఉంచుదురు; వానికంటె చిన్నవారు వచ్చి వాని ప్రక్క కూర్చుండి, వానిని దాటి పోవుదురు. రెండవయేడు వాడు సిగ్గుచే వెనుకబల్లకు పోవును. మూడవయేడు వాకిటికి పోవును. నిలిపివేయుటయే వెడలగొట్టుటకు మొదటిమెట్టు. బడిలో పనిచేయుచున్న మేము ఈ మెట్లను ఏటేట చూచుచునే యున్నాము.

రోగమును లెక్కించినవారి కథ యిది. మందు కనుగొనినవారును లేకపోలేదు. చెన్నపురి కార్పొరేషనుకు అధ్యక్షులుగా నుండిన పిట్టి త్యాగరాయచెట్టిగారు తెలుగువారు, దేవాంగులు. నగరమున బీదల బిడ్డలు ఆకలిచేత బడికి రాకున్నారని గుర్తించి, థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషను బడియందు పిల్లలకు ఫలహారము పెట్టుటకు 1920 సెప్టెంబరులో తీర్మానము చేయించిరి. తలకు దినమునకు అణా మించరాదని నిర్ణయము. పిమ్మట ఈ యేర్పాటు మరి నాలుగు బడులకు వ్యాపించెను. రెండుమూడేండ్లలో ఆ బడుల పిల్లల సంఖ్య ఇంచుమించు రెట్టింపాయెను. అంతట ప్రభుత్వము ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయము చేయగూడదని యాక్షేపించుటచే 1925 ఏప్రిలులో ఫలహారము నిలిచిపోయెను. దానితో పిల్లలును తగ్గిరి. 1927లో దానిని మరల నారంభింపవలసి వచ్చెను.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకము లనునవి కలవు. ఒకటి యున్నచో రెండవది యుండుటయు, అది లేనిచో ఇది లేకుండుటయు చూచి కార్యకారణ సంబంధమును నిశ్చయింతురు. అన్నము పెట్టినంతకాలము పిల్లలు వచ్చిరి, మాన్పినంతనే తగ్గిరి. ఇంతకంటె స్పష్టమైన ప్రమాణ మేమి కావలెను? ఆ బిడ్డలకు చదువునందు అనాదరము లేదు, కడుపులో అన్నము లేదు. ఐనను ఈ ప్రమాణము దేశమంతటను ఆచరణకు వచ్చుటకు బహుకాలము పట్టెను. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నమే పెట్టవలెనని ఆజ్ఞాపించెను. ఆంధ్రప్రదేశమున అది 2003లో అమలునకు వచ్చెను. ఒక్క అణా ఫలహారమునుండి ఆ యాజ్ఞకు ఎనుబది యేండ్లు గడచినవి.

అన్నమునకు తరువాత భాష. నైజాము రాష్ట్రమున రాజభాష ఉర్దూ. ఉన్నతపాఠశాలలలో బోధభాషయు నదియే. ఇంట తెలుగు తప్ప మరియొక మాట వినని బాలిక బడిలో రెండు పాఠములు నేర్వవలసివచ్చెను. మొదట భాష, పిదప విషయము. మాడపాటి హనుమంతరావుగారును వారి మిత్రులును 1928లో హైదరాబాదున తెలుగు బోధభాషగా బాలికల పాఠశాలను స్థాపించిరి. తెలుగులో పరీక్షలు జరుపు నాదరణ అచ్చట దొరకమిచే దానిని పూనాలోని కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధింపవలసి వచ్చెను. మాతృభాషలో చదువుటకు గుర్తింపును కోరి తెలుగు బాలికలు మహారాష్ట్రమువైపు చూడవలసివచ్చుట విచిత్రమే. కాని ఆ ద్వార మట్లు తెరువకున్న ఎందరు బాలికలు చదువునకు దూరమై యుందురో ఊహింపవచ్చును. నేడు కొండప్రాంతములలో కోయ, సవర, కువి భాషలు మాటలాడు బిడ్డలకు మన తెలుగే నాటి ఉర్దూ వంటిదని మనము మరువరాదు.

ఇక పని సంగతి. కాంబెల్ వ్రాసిన లేతచేతుల కథ 19వ శతాబ్దముతో ముగియలేదు. 1990 తరువాత కర్నూలు, మహబూబునగరపు సీమలలో సంకరజాతి ప్రత్తివిత్తనముల సేద్యము ప్రబలెను. ఆ సేద్యమున ఒక్కొక్క పూవును చేతితో విప్పి పుప్పొడి యద్దవలెను; పూత యున్నంతకాలము ఈ పని దినదినమును ఉండును. చిన్నవ్రేళ్ళు దీనికి అనుకూలమని చెప్పి వేలకొలది బాలికలను చేలకు దింపిరి. కూలి తక్కువ యనుట అసలు కారణము; వ్రేళ్ళ మాట దానికి ముసుగు.

ఈ వాదమును ఎదిరించి నిలిచినది రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి జరిగిన యుద్యమము. ప్రసిద్ధ విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్యగారి స్మారకముగా నేర్పడిన సంస్థ దీనిని నడపెను. వారి మనుమరాలు శాంతాసిన్హాగారు దీనికి నాయకురాలు. ‘బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే’ యనునది వారి మూలసూత్రము. పొలములో నున్నను, ఇంట వంటపని చేయుచున్నను, ఊరక తిరుగుచున్నను తేడా లేదు. జీతమునకు కుదిరిన బాలురను, గొడ్లు కాయువారిని మొదట శిబిరములకు రప్పించి, కొన్నిమాసములు చదువు చెప్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. పండ్రెండేండ్ల వానిని ఆరేండ్ల వారి నడుమ కూర్చుండబెట్టలేదు. సిగ్గు అను శత్రువును వారు గుర్తించుట ఇందలి విశేషము. బీద తల్లిదండ్రులకు బిడ్డల చదువునందు ఆసక్తి లేదను పాత నింద ఈ యనుభవముచే నిరాధారమని తేలెను. దారి చూపినచో వారు బిడ్డల సంపాదనను వదలుకొనియు బడికి పంపిరి. 2003లో శాంతాసిన్హాగారికి మెగసెసే పురస్కారము లభించెను.

ఆ యనుభవపు సారము కొంత శాసనములోనికి వచ్చెను. 2009లో జన్మించి 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము మధ్యలో బడి విడిచినవారిని వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ మొసగవలెనని విధించినది. కోదండములను, బెత్తములను నిషేధించినది. ఎనిమిదవ తరగతి వరకు ఎవ్వరిని నిలిపివేయరాదనినది. ఈ చివరి నియమమును 2019లో సవరించి, 5, 8 తరగతులలో మరల పరీక్షించియు తప్పినవారిని నిలుపుటకు అవకాశ మిచ్చిరి. చదువురాని వానిని పైతరగతికి తోయుట మేలని మేము చెప్పుటలేదు. కాని అదే గదిలో అదే పాఠమును అదే రీతిగా మరల వినిపించినంతమాత్రమున చదువు రాదు. నిలుపుట యను నధికారమును పుచ్చుకొన్నవారు నేర్పుట యను భారమును గూడ పుచ్చుకొనవలెను.

శాసనములు ద్వారమును తెరచును. బిడ్డను లోపల నిలుపువారు మనుష్యులు. బిడ్డ బడినుండి ఒక్కదినమున పోడు. మొదట సంతరోజున రాడు. తరువాత మిరపకోతలలో వారము రాడు. వచ్చినపుడు గడచిన పాఠము తెలియక తలవంచుకొనును. ఒకనాడు పేరు పిలిచిన పలుకు వాడుండడు. హాజరుపట్టిక వీని నన్నింటిని ముందుగానే చెప్పుచుండును. మూడవదినమున ఉపాధ్యాయుడు వాని యింటికి పోయినచో తల్లి చెప్పు కారణ మొకటి యుండును, దానికి ఉపాయ మొకటి యుండును. మూడవ మాసమున పోయినచో కారణము గట్టిపడి విధి యగును. తప్పిన పాఠమును వేరుగా కూర్చుండబెట్టి చెప్పు అరగంట, తిట్టక పలుకరించు ఒక్కమాట — వీనికి నిధులు అక్కరలేదు.

ఇందు గృహస్థుల పాలెంత యని పాఠకులు అడుగవచ్చును. మన పత్రికలను చదువు గృహములలోనే కొన్నింట పదేండ్ల పిల్ల గిన్నెలు తోముచున్నది, మన బిడ్డను ఆడించుచున్నది. “ఇక్కడ కడుపునిండ తినుచున్నది, మేము కూతురివలె చూచుకొనుచున్నాము” అను సమాధానము తరచుగ వినబడును. కూతురివలె చూచుకొనువారు కూతురిని పంపినచోటికే దానిని గూడ పంపుదురు. 2006 అక్టోబరు 10 నుండి పదునాలుగేండ్లలోపు వారిని ఇండ్లలో పనికి పెట్టుకొనుట చట్టముచే నిషిద్ధము. 2016లో ఆ నిషేధము అన్ని పనులకును వ్యాపించెను, సొంత కుటుంబపు పనులలో సాయపడుట వంటి కొన్ని మినహాయింపులు మాత్ర ముండెను. కాని చట్టము మన వంటింటి తలుపు తట్టువరకు వేచియుండుట సంస్కారము గలవారికి తగదు.

సంస్కరణమును కోరువారు మొదట తమ యింటిని, తరువాత తమ వీధిని చూడవలెను. ఏ యింట ఏ బిడ్డ బడివేళ బడిలో లేదో కనుగొని, ఆ తల్లితో మాటలాడి, పుస్తకమో బట్టయో లేక మాటసాయమో కొరతయైన దానిని తీర్చుట ఒక్కొక్క కుటుంబమునకు సాధ్యమైన పనియే. ఇకమీదట ఎవరైన “వాడు బడి మానినాడు” అని చెప్పినచో వెంటనే “మాన్పించిన దెవరు?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు ఆకలి, పని, భాష, బెత్తము, సిగ్గు అనువానిలో నేదియో ఒకటి ప్రత్యుత్తరముగా వచ్చును. దానిని తొలగించినచో బిడ్డ తిరిగి వచ్చుననుటకు పైని చెప్పిన చరిత్రయే సాక్ష్యము.