సౌర కుటుంబంలోని చిన్న వస్తువులు

సూర్యుని చుట్టూ పరిభ్రమిస్తూ, గ్రహాల కోవకు గాని ఉపగ్రహాల కోవకు గాని చెందని ఖగోళ వస్తువులను సౌర కుటుంబంలోని చిన్న వస్తువులు అంటారు. గ్రహశకలాలు, తోకచుక్కలు, ఉల్కలకు మూలమైన రాతి తునకలు మరియు నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల ఉన్న మంచు ముద్దలు ఈ కోవలోనివి. మరుగుజ్జు గ్రహాలు వేరే తరగతి అయినప్పటికీ, విద్యార్థుల సౌకర్యం కొరకు వాటిని కూడా ఇక్కడ ప్రస్తావించడమైనది.

సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం సూర్యుడు, గ్రహాలు ఏర్పడగా మిగిలిపోయిన పదార్థమే ఈ చిన్న వస్తువులు. భూమి వంటి పెద్ద గ్రహాలలో తొలినాటి పదార్థం కరిగి, మారిపోయింది. చాలా చిన్న వస్తువులలో అది పెద్దగా మార్పు చెందక నిలిచి ఉంది. సౌర కుటుంబపు పుట్టుక గురించి తెలుసుకొనుటకు శాస్త్రజ్ఞులు వీటిని ఆశ్రయించడానికి కారణం ఇదే.

గ్రహాలు, మరుగుజ్జు గ్రహాలు

2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య గ్రహానికి నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం గ్రహానికి మూడు లక్షణాలు ఉండాలి.

* సూర్యుని చుట్టూ తిరగాలి.
* తన గురుత్వాకర్షణ వలన దాదాపు గోళాకారం పొందేంత ద్రవ్యరాశి ఉండాలి.
* తన కక్ష్య పరిసరాలలో ఇతర వస్తువులు లేకుండా ఊడ్చివేసి ఉండాలి.

మూడవ లక్షణం లేనందున ప్లూటో మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించబడింది. అప్పటి నుండి గ్రహాల సంఖ్య ఎనిమిది. సెరిస్, ప్లూటో, హౌమియా, మేక్‌మేక్, ఎరిస్ అనే ఐదింటిని సమాఖ్య మరుగుజ్జు గ్రహాలుగా గుర్తించింది. సంప్రదాయంలో చెప్పే నవగ్రహాలకు ఈ లెక్కకు సంబంధం లేదు. ఆ తొమ్మిదింటిలో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం. రాహుకేతువులు వస్తువులు కావు, చంద్రుని మార్గం సూర్యుని మార్గాన్ని ఖండించే రెండు బిందువులు.

కనుగొనే విధానం - హైదరాబాదు వేధశాలలు

దూరదర్శినిలో సైతం గ్రహశకలం ఒక చుక్కగానే కనబడుతుంది. నక్షత్రానికి దానికి తేడా ఒక్కటే: కొన్ని గంటలలో, లేదా మరునాటి రాత్రికి, అది స్థానం మారుతుంది. ఆ మార్పును పట్టుకోవాలంటే కదలని నక్షత్రాల స్థానాలు కచ్చితంగా తెలిసి ఉండాలి. కనుక మంచి నక్షత్ర పటమే చిన్న వస్తువుల అన్వేషణకు పునాది.

ఈ పనిలో హైదరాబాదుకు గణనీయమైన పాత్ర ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని కొని, ఫిసల్‌బండ వద్ద తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. దానికి నిజామియా వేధశాల అని పేరు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. తరువాత వేధశాల బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని ఛాయాచిత్రాలలో నమోదు చేయుటకు పలు దేశాలు కలసి చేపట్టిన ఖగోళ పట పథకంలో నిజామియా వేధశాల తన వంతు భాగాన్ని పూర్తి చేసి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచింది. ఆ కొలతలన్నీ కంప్యూటర్లు లేని కాలంలో గాజు పలకలపై ఒక్కొక్క చుక్కను చూసి చేసినవి.

నగరపు వెలుగు పెరగడంతో విశ్వవిద్యాలయం హైదరాబాదుకు ఆగ్నేయంగా, ప్రస్తుత రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్ వద్ద కొత్త వేధశాలను నిర్మించింది. అక్కడ 48 అంగుళాల దూరదర్శిని 1968లో పనిచేయనారంభించింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఇక్కడి నుండి పరిశీలించారు.

గ్రహశకలాలు

అంగారక, బృహస్పతి కక్ష్యల నడుమ గ్రహశకలాల పట్టీ ఉంది. వీటిలో మొదటిదైన సెరిస్‌ను 1801 జనవరి 1న ఇటలీకి చెందిన పియాజీ కనుగొన్నాడు. దాని వ్యాసం సుమారు 940 కి.మీ. పట్టీలో లక్షలాది శకలాలు ఉన్నా, అన్నిటినీ ఒక్కచోట చేర్చినా ఆ ద్రవ్యరాశి చంద్రునిలో నూరవ వంతులు మూడు నాలుగు మించదు.

దక్షిణ భారతం నుండి కూడా గ్రహశకలాలు కనుగొనబడ్డాయి. మద్రాసు వేధశాలలో పనిచేసిన నార్మన్ పాగ్సన్ 1861లో కనుగొన్న శకలానికి 'ఆసియా' అని పేరు పెట్టాడు. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొదటి గ్రహశకలం అదే. 1988లో తమిళనాడులోని కావలూరు వేధశాలలో ఆర్. రాజమోహన్ కనుగొన్న 4130వ శకలానికి గణిత శాస్త్రజ్ఞుడు రామానుజన్ పేరు పెట్టారు.

తోకచుక్కలు

తోకచుక్క కేంద్రకం మంచు, ధూళి, రాతి రేణువుల మిశ్రమం. సూర్యుని సమీపించినపుడు మంచు ఆవిరై తోక ఏర్పడుతుంది. వాయువులతో కూడిన తోక ఎల్లప్పుడూ సూర్యునికి వ్యతిరేక దిశలో ఉంటుంది. తోకచుక్క కనబడితే రాజుకు, రాజ్యానికి అరిష్టమన్న నమ్మకం పూర్వం చాలా దేశాలలో ఉండేది. హేలీ తోకచుక్క సుమారు 76 సంవత్సరాలకు ఒకసారి లెక్క ప్రకారం తిరిగి వస్తుండటం ఆ భయానికి ఆధారం లేదని నిరూపించింది. అది 1986లో వచ్చింది, మరల 2061లో రానున్నది.

హైదరాబాదుతో ముడిపడిన తోకచుక్క ఒకటి ఉంది. వైను బప్పు తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. బప్పు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1949 జూలై 2న అక్కడ తీసిన ఛాయాచిత్రంలో ఆయన ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. దాని కక్ష్యను గణించుటలో బార్ట్ బాక్, గార్డన్ న్యూకర్క్ తోడ్పడ్డారు. అందువలన దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అన్న పేరు వచ్చింది. అది మరల సుమారు 60,000 సంవత్సరాలకు తిరిగి రావచ్చునని వారు అంచనా వేశారు. తరువాత బప్పు కావలూరు వేధశాలను నెలకొల్పి, 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులయ్యారు. 2596వ గ్రహశకలానికి ఆయన పేరు ఉంది.

ఉల్కలు, ఉల్కాశిలలు

వ్యవహారంలో 'చుక్క రాలింది' అంటారు కాని, రాలేది నక్షత్రం కాదు. అంతరిక్షంలోని చిన్న తునక మహావేగంతో వాయుమండలంలో ప్రవేశించినపుడు కనబడే వెలుగును ఉల్క అంటారు. పూర్తిగా కాలిపోక నేలను చేరిన భాగం ఉల్కాశిల. తెలుగు ప్రాంతంలో నమోదైన ఉల్కాశిలలలో రెండు చెప్పుకోదగినవి. 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలో పడినది రాతి రకం. దానిని పట్టికలలో యాటూర్ అని పేర్కొంటారు. 1870 జనవరి 23న నాటి విశాఖపట్నం జిల్లాలో పడిన నెడగొల్ల ఇనుప రకం. తేదీలు కలవడం యాదృచ్ఛికం.

భూమికి ముప్పు

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల శకలం గాలిలోనే పేలి, పగిలిన కిటికీ అద్దాల వలన వందలాది మంది గాయపడ్డారు. ముందుగా దానిని ఎవరూ గుర్తించలేదు, అది సూర్యుని దిక్కు నుండి వచ్చింది. శకలాన్ని ముందే గుర్తిస్తే దారి మళ్ళించవచ్చునా అన్న ప్రశ్నకు 2022 సెప్టెంబరు 26న కొంత సమాధానం లభించింది. నాసా వారి డార్ట్ నౌక డైమార్ఫస్ అనే చిన్న శకలాన్ని ఢీకొని, దాని పరిభ్రమణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే శకలం భూమి ఉపరితలానికి సుమారు 32,000 కి.మీ. దూరంలో దాటిపోతుంది. అది భూమిని ఢీకొనదని లెక్కలు తేల్చాయి.

విద్యార్థులు చూడదగినవి

ఉల్కలను చూచుటకు దూరదర్శిని అవసరం లేదు, చీకటి ఆకాశం చాలును. డిసెంబరు 13, 14 రాత్రులలో మిథున రాశి దిక్కు నుండి వచ్చే ఉల్కలకు మూలం ఫేథాన్ అనే గ్రహశకలం. మే మొదటి వారంలో తెల్లవారుజామున కుంభ రాశి దిక్కు నుండి వచ్చేవి హేలీ తోకచుక్క విడిచిన ధూళి. వేసవిలో మబ్బులు తక్కువగా ఉండే తెలంగాణ మెట్ట ప్రాంతాలు వీటికి అనువైనవి. అయితే చౌటుప్పల్ వంటి చోట్ల జాతీయ రహదారి దీపాలు, పడమటి దిక్కున హైదరాబాదు వెలుగు అడ్డు వస్తాయి. రోడ్డుకు దూరంగా, పొలాల వైపు వెళ్ళి, కళ్ళు చీకటికి అలవాటు పడుటకు ఇరవై నిమిషాలు ఆగి చూడాలి. పెద్దలను వెంట తీసుకొని వెళ్ళుట మంచిది. చూసిన ఉల్కల సంఖ్యను, సమయాన్ని, దిక్కును పుస్తకంలో వ్రాసుకొంటే అది కూడా శాస్త్రీయ పరిశీలనే అవుతుంది.